ఇంటికి తెచ్చే పుస్తకం ఎవరి కోసం?

జూన్ నెల వచ్చిందంటే నాయుడుపేట బజారులో పుస్తకాల దుకాణాల ముందు నిలబడడానికి చోటు దొరకదు. బడి ఇచ్చిన చీటీ చేతబట్టుకొని తల్లిదండ్రులు వస్తారు. పాఠ్యపుస్తకాలు, నోటు పుస్తకాలు, గైడ్లు, అట్టలు, లేబుళ్ళు అన్నీ లెక్క చూసుకొని సంచిలో వేసుకుంటారు. ఏప్రిల్‌లో పరీక్షలు ముగియగానే అవే పుస్తకాలు పాత పేపర్లవాని తక్కెడలోకి చేరతాయి. ఈ రెండు నెలల నడుమ మన ఇంట్లోకి వచ్చిన మరో పుస్తకం ఏదైనా ఉన్నదా అని వెదికితే, చాలా ఇళ్ళలో లేదన్నదే సమాధానం. గుడ్డలో చుట్టి భక్తిశ్రద్ధలతో ఎత్తున ఉంచిన దివ్యఖుర్ఆన్, గోడకు తగిలించిన క్యాలెండరు, పెళ్ళినాడు ఎవరో కానుకగా ఇచ్చిన ఒకటి రెండు గ్రంథాలు. మన ఇంటి గ్రంథాలయం చాలావరకు ఇంతే.

మదరసాలో పిల్లలకు పాఠాలు చెప్పుకొనేవారిగా మేము ఈ లోటును ప్రతిరోజూ కళ్ళారా చూస్తున్నాము. పదేళ్ళ బాలుడు అరబీ అక్షరాలను తజ్వీద్‌తో చక్కగా పలుకుతాడు. బడిలో తెలుగు, ఇంగ్లీషు చదువుతాడు. ఇంట్లో అమ్మీతో, దాదీతో ఉర్దూ మాట్లాడతాడు గాని ఆ లిపి రాదు. నాలుగు భాషలు వాని నోట నడుస్తున్నాయి. కాని ఒక పేజీ చదివించి, "బేటా, ఇందులో ఏముందో నీ మాటల్లో చెప్పు" అంటే మౌనం వహిస్తాడు. చదవడం వచ్చింది, గ్రహించడం రాలేదు. లోపం పిల్లవానిది కాదు. వానికి అర్థమయ్యే పుస్తకం, వానితో కూర్చొని చదివే మనిషి, ఈ రెండూ వానికి దొరకలేదు.

కాబట్టి ఈ వ్యాసంలో పుస్తకాల గొప్పతనాన్ని గురించి ఉపన్యసించడం మా ఉద్దేశం కాదు. పరిమితమైన సంపాదన గల ఒక సామాన్య ముస్లిం కుటుంబం చదువుకు, ఇంటిల్లిపాది జ్ఞానానికి, తీరిక వేళకు పుస్తకాలను ఎలా ఎంచుకోవాలన్నదే ఇక్కడ మా ప్రస్తావన.

ప్రయోజనం అంటే ఏమిటి?

దైవప్రవక్త (స)పై మొట్టమొదట అవతరించిన ఆదేశమే చదవమనేది. జ్ఞానాన్ని వృద్ధి చేయమని ప్రభువును వేడుకోవడం కూడా దివ్యఖుర్ఆనే నేర్పింది. అయితే మేలు చేయని జ్ఞానం నుంచి దైవప్రవక్త (స) అల్లాహ్ శరణు వేడేవారని సహీహ్ ముస్లింలో నమోదైంది. అంటే చదవడం ఎంత ముఖ్యమో, ఏది చదవాలో ఎంచుకోవడం అంతే ముఖ్యం.

ఇమామ్ గజాలీ (రహ్మతుల్లాహి అలైహ్) వద్ద ఎన్నో ఏళ్ళు విద్యాభ్యాసం చేసిన శిష్యునికి ఒకనాడు ఒక సందేహం కలిగింది. ఇన్ని శాస్త్రాలు చదివాను, వీటిలో రేపు సమాధిలో నాకు తోడుండేది ఏది, అక్కరకు రానిది ఏది అని గురువుకు లేఖ వ్రాశాడు. దానికి సమాధానంగా వెలువడిందే 'అయ్యుహల్ వలద్' అనే చిన్న గ్రంథం. గజాలీ వారి పెద్ద సంపుటాలు ఎన్నో ఉండగా, ఆ శిష్యుని అవసరానికి సరిపోయినది ఈ కొన్ని పుటలే. పుస్తకం విలువ దాని మందంలో లేదని దీనివల్ల బోధపడుతుంది.

ఇబ్నె సీనా తన జీవితకథలో చెప్పుకొన్న సంఘటన మరింత గమనించదగినది. యౌవనంలో ఆయన అరిస్టాటిల్ వ్రాసిన తత్త్వశాస్త్ర గ్రంథాన్ని నలభై సార్లు చదివారు. కంఠస్థమైంది గాని అర్థం కాలేదు. ఇది తనకు అందేది కాదని నిరాశ చెందారు. ఒక సాయంత్రం బుఖారా పుస్తకాల బజారులో ఒక వ్యాపారి ఒక గ్రంథాన్ని చేతికిచ్చి కొనమన్నాడు. అక్కరలేదని మొదట తిరిగి ఇచ్చివేశారు. దాని యజమాని డబ్బు అవసరంలో ఉన్నాడని చెప్పగా మూడు దిర్హములకు తీసుకున్నారు. అది అదే అరిస్టాటిల్ గ్రంథపు ఉద్దేశాలను వివరిస్తూ అల్ ఫారాబీ వ్రాసిన పుస్తకం. ఇంటికి వెళ్ళి చదవగానే నలభై సార్లు మూసుకున్న తలుపు తెరుచుకుంది. మరునాడు ఆయన కృతజ్ఞతగా పేదలకు దానం చేశారు.

అంతటి మేధావికే సరైన మెట్టు లేక పెద్ద గ్రంథం అందలేదు. మన పిల్లవాడు ఎనిమిదో తరగతి సైన్సు పుస్తకం ముందు కూర్చొని బిక్కమొగం వేస్తే, వానిని మందబుద్ధి అనే ముందు, మధ్యలో వేయవలసిన మూడు దిర్హముల మెట్టు ఏదో వెదకడం మన బాధ్యత.

మూడు ప్రశ్నలు

పుస్తకం కొనే ముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలని మేము తల్లిదండ్రులకు చెబుతుంటాము. ఇది ఎవరి కోసం? ఏ అవసరం కోసం? ఆ మనిషి ఇప్పుడు ఏ మెట్టు మీద ఉన్నాడు?

మొదటి ప్రశ్నకు "ఇంట్లో ఉంటుంది, ఎవరో ఒకరు చదువుతారు" అన్నది సమాధానం కాదు. చదివే మనిషి పేరు చెప్పగలగాలి. పేరు లేని పుస్తకం బీరువాకు బరువు మాత్రమే. రెండవదానికి పరీక్ష కోసమా, నమాజు నియమాలు నేర్చుకోవడానికా, సెలవుల్లో సంతోషంగా చదువుకోవడానికా అన్నది తేల్చుకోవాలి. ఒకే పుస్తకం అన్నిటికీ పనికిరాదు.

మూడవ ప్రశ్నను మన పూర్వీకులు చాలా పట్టించుకున్నారు. సుమారు ఎనిమిది వందల ఏళ్ళ క్రితం ఇమామ్ జర్నూజీ 'తాలీముల్ ముతఅల్లిమ్' అనే గ్రంథంలో విద్యార్థి ఎలా చదవాలో వివరించారు. రెండుసార్లు వల్లె వేస్తే పట్టుబడేంత పాఠంతోనే ప్రారంభించాలని, కొత్తవారికి పెద్ద గ్రంథాల బదులు చిన్నవాటిని ఎంపిక చేయాలని, అవి అవగాహనకు దగ్గరగా ఉండి విసుగును దూరం చేస్తాయని ఆయన పెద్దల పద్ధతిని తెలియజేశారు. మదరసాలో ఈ క్రమాన్ని ఇప్పటికీ పాటిస్తున్నాము. ఇంటి దగ్గర మాత్రం మరచిపోతున్నాము.

మెట్టు తెలుసుకోవడానికి సులువైన ఉపాయం ఒకటి ఉంది. పుస్తకం నడిమి పేజీ తెరిచి పిల్లవానితో పైకి చదివించండి. తెలియని మాట వచ్చినప్పుడల్లా ఒక వేలు ముడవమనండి. పేజీ పూర్తి కాకముందే అయిదు వేళ్ళూ ముడుచుకుంటే ఆ పుస్తకం ప్రస్తుతానికి వానికి బరువు. ఒక్క వేలూ ముడవకపోతే తేలిక. రెండు మూడు వేళ్ళయితే కొనవచ్చు. దుకాణంలో నిలబడి రెండు నిమిషాల్లో చేయగలిగిన పరీక్ష ఇది.

బడి చదువు కోసం

బడి చదువుకు సంబంధించి మా సలహా ఒక్కటే. ముందు పాఠ్యపుస్తకం, తరువాత నిఘంటువు, ఆ తరువాతనే గైడు. మన ఇళ్ళలో ఈ వరుస తలకిందులైంది. పాఠం చదవకుండానే గైడులోని జవాబును కంఠస్థం చేస్తున్నారు. పరీక్షలో ప్రశ్న కాస్త మారితే కలం ఆగిపోతుంది.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠ్యపుస్తకాలు ఇటీవలి సంవత్సరాల్లో ఒక పేజీ ఇంగ్లీషులో, దాని ఎదుటి పేజీ అదే పాఠం తెలుగులో ఉండేలా ముద్రితమవుతున్నాయి. ఇంగ్లీషు రాని తల్లికి ఇది గొప్ప అవకాశం. తెలుగు పేజీ ఆమె చదివి, ఇంగ్లీషు పేజీ పిల్లవానితో చదివించవచ్చు. ప్రైవేటు బడిలో చదివే పిల్లల తల్లులు కూడా ఎరిగినవారి దగ్గర ఈ పుస్తకాలను అడిగి తెచ్చుకొంటే వారికి మూడు దిర్హముల గ్రంథం దొరికినట్టే.

ప్రతి ఇంట్లో ఒక నిఘంటువు తప్పనిసరి. సి.పి. బ్రౌన్ తెలుగు నిఘంటువులు వెలువడి నూట డెబ్బై ఏళ్ళు దాటినా ఇంకా ఉపయోగపడుతున్నాయి. తెలుగులో కలిసిపోయిన ఉర్దూ, ఫార్సీ, అరబీ మాటలను ఆయన 1854లో మిశ్రభాషా నిఘంటువుగా వేరుగా కూర్చారు. వకీలు, దస్తావేజు, జమీను, కబురు వంటి మాటల మూలాన్ని పిల్లలకు చూపితే వారి మొగాలు వికసిస్తాయి. ఇంట్లో దాదీ మాట్లాడే మాట బడి భాషలో కూడా ఉన్నదన్న సంగతి, తన భాష తక్కువది కాదన్న ధైర్యాన్ని పిల్లవానికి ఇస్తుంది. కొనలేనివారు ఫోనులో ఆంధ్రభారతి నిఘంటువులను ఉచితంగా వాడుకోవచ్చు.

పోటీ పరీక్షలకు సిద్ధమయ్యే యువకులు ఒక్కో విషయానికి నాలుగేసి పుస్తకాలు కొని దేనినీ పూర్తి చేయడం లేదు. ఒక ప్రామాణిక గ్రంథం, పాత ప్రశ్నపత్రాలు చాలు. 1968లో స్థాపితమైన తెలుగు అకాడమీ పుస్తకాలు ఇందుకు ఉపకరిస్తాయి. కొనే ముందు ముద్రణ సంవత్సరం చూడాలి. సిలబస్ మారిన తరువాత పాత ముద్రణ చవకగా వచ్చినా నష్టమే. సాహిత్యం, వ్యాకరణం, గణిత మూలసూత్రాల వంటివాటికి మాత్రం పాత పుస్తకాలు నిక్షేపంగా పనికివస్తాయి. నాయుడుపేటలో రైలెక్కితే చెన్నై సెంట్రల్‌లో దిగవచ్చు. స్టేషను పక్కనే ఉన్న మూర్ మార్కెట్ సముదాయంలో పాత పుస్తకాల కొట్లు ఉన్నాయి. అసలు మూర్ మార్కెట్ 1985లో అగ్నికి ఆహుతైనా, ఆ వ్యాపారులు పుస్తకాలను విడిచిపెట్టలేదు.

ధార్మిక గ్రంథాల విషయంలో జాగ్రత్త

దీన్‌కు సంబంధించిన పుస్తకాల ఎంపికలో రెట్టింపు జాగ్రత్త అవసరం. ఎవరో ఏదో సమాచారం తెస్తే నిజానిజాలు విచారించుకోమని దివ్యఖుర్ఆన్ హుజురాత్ సూరాలో ఆదేశించింది. మసీదు వాకిట ఉచితంగా చేతికందిన కరపత్రానికి, ఫోనులో వచ్చిన పుటకు కూడా ఇదే నియమం వర్తిస్తుంది.

పుస్తకం చేతికి రాగానే రచయిత లేక అనువాదకుని పేరు, ప్రచురణకర్త చిరునామా ఉన్నాయా చూడండి. హదీసు ఉటంకిస్తే అది బుఖారీలోనిదా, ముస్లింలోనిదా, తిర్మిజీలోనిదా అన్న ఆధారం ఉన్నదా గమనించండి. ఫలానా వాక్యాన్ని ఇన్నిసార్లు వ్రాసి పంచితే శుభం, పంచకపోతే కీడు అని భయపెట్టే కాగితం ఏదైనా సరే పక్కన పెట్టండి. హదీసు సంపుటాల అనువాదం చదివి తలాఖ్, వారసత్వం వంటి విషయాల్లో సొంతంగా తీర్పు చెప్పుకోవద్దు. ఆ సందర్భంలో పుస్తకం మనకు ప్రశ్న అడగడం నేర్పుతుంది. సమాధానం కోసం ఆలిమ్ దగ్గరకు వెళ్ళవలసిందే.

తెలుగులో దివ్యఖుర్ఆన్ లభించడం మన తరానికి దక్కిన వరం. గత శతాబ్దపు తొలి అర్ధభాగంలోనే చిలుకూరి నారాయణరావు పంతులుగారు ఖుర్ఆన్‌ను తెలుగులోనికి అనువదించారు. అనంతపురం కళాశాలలో అధ్యాపకులైన ఆ పండితుడే 1928లో రాయలసీమకు ఆ పేరు సూచించినవారు. ముస్లిమేతరుడైన ఒక భాషావేత్త తెలుగు ప్రజల కోసం ఇంత శ్రమ పడినారంటే మనం సిగ్గుతో, కృతజ్ఞతతో తల వంచాలి. ఆ తరువాత ముస్లిం పండితులు పలు అనువాదాలు తెచ్చారు. హైదరాబాదులోని తెలుగు ఇస్లామిక్ పబ్లికేషన్స్ వంటి సంస్థలు దశాబ్దాలుగా ధార్మిక సాహిత్యాన్ని తెలుగులో అందిస్తున్నాయి. అనువాదం కొనేటప్పుడు అరబీ మూలం పక్కనే ఉన్నదీ, సూరాల పరిచయం, వివరణ ఉన్నదీ ఎంచుకొంటే మేలు.

హదీసు పఠనం ప్రారంభించే కుటుంబానికి ఇమామ్ నవవీ వారి 'అర్బయీన్' సముచితం. పేరుకు నలభై అయినా అందులో నలభై రెండు హదీసులు ఉన్నాయి. వారానికి ఒకటి చొప్పున చదివి, దానిని ఆ వారమంతా ఆచరణలో పెట్టే ప్రయత్నం చేస్తే సంవత్సరం లోపే గ్రంథం పూర్తవుతుంది. వంద పుటలు ఒక రాత్రిలో తిరగవేయడం కంటే ఇది ఎన్నో రెట్లు మేలు.

ఉర్దూ లిపి నేర్చుకోదలచినవారు పెద్ద గ్రంథాల జోలికి పోకుండా మౌల్వీ ఇస్మాయీల్ మేరఠీ (1844–1917) బాలల కోసం కూర్చిన ఉర్దూ వాచకాలతో మొదలుపెట్టవచ్చు. ఖుర్ఆన్ చదివే పిల్లవానికి చాలా అక్షరాలు ముందే వచ్చు. మిగిలినవాటికి ఒక వేసవి చాలు.

ఇంటిల్లిపాది కలిసి చదవడం

కుటుంబం కోసం పుస్తకం అనే ఆలోచన మనకు కొత్తది కాదు. డిప్యూటీ నజీర్ అహ్మద్ తన కుమార్తెలకు చదివించడానికి తగిన పుస్తకం దొరకక తానే కథ వ్రాయడం మొదలుపెట్టారు. అక్బరీ, అస్గరీ అనే అక్కచెల్లెళ్ళ కథ అది. 'మిరాతుల్ ఉరూస్' అనే పేరుతో 1869లో అచ్చయి, ఉర్దూ నవలలకు ఆద్యంగా నిలిచింది. ఆడపిల్లలు చదవదగిన పుస్తకం లేదని చదువు మాన్పించలేదు ఆ తండ్రి. పుస్తకాన్నే పుట్టించారు. మనం పుట్టించనక్కరలేదు, ఎంచుకొంటే చాలు.

పదో తరగతితో చదువు ఆగిపోయిన ఆడపిల్లలు మన వీధుల్లో ఎందరో ఉన్నారు. బడి మానిన నాడే వారి చేతిలోంచి పుస్తకం కూడా జారిపోతున్నది. రెండేళ్ళు గడిచేసరికి చదివిన తెలుగు కూడా తడబడుతుంది. ఇది ఆర్థిక నష్టం కంటే పెద్ద నష్టం. రేపు ఆమె తల్లి అయినప్పుడు బిడ్డకు మొదటి మదరసా ఆమె ఒడే కదా!

మా ఎరుకలోని ఒక ఇంట్లో ఇలాగే బడి ఆగిన అమ్మాయికి దాదీ పని అప్పగించింది. దాదీకి చూపు ఆనదు, లిపి రాదు. ఇషా తరువాత మనుమరాలు తెలుగులో ప్రవక్తల గాథలు పైకి చదివేది. దాదీ ఉర్దూలో ప్రశ్నలు వేసేది. మనుమరాలు మళ్ళీ ఉర్దూలో వివరించేది. తెలుగులో చదివింది ఉర్దూలో చెప్పాలంటే అర్థం కాక తప్పదు. రహదారి పక్కన పంక్చరు కొట్టు నడిపే తండ్రి అన్నం తింటూ వినేవాడు. ఒకనాడు ఆయన మా వద్దకు వచ్చి, "హజ్రత్, అమ్మాయి బాగా చదువుతోంది. ఇంట్లోనే ఉండి ఇంటర్ కట్టే దారి ఉందంటున్నారు, నిజమేనా?" అని అడిగాడు. సార్వత్రిక విద్యాపీఠం ఉన్నదని మేము వివరించాము. ఆ అమ్మాయి ఇప్పుడు అందులో చదువుతున్నది. ఆమెను మళ్ళీ చదువులోకి తెచ్చినది ఏ ఉపన్యాసమూ కాదు. రోజుకు పదిహేను నిమిషాల పుస్తకం, వినడానికి ఒక దాదీ.

ఇలా కలిసి చదవడానికి మన సీమకు సన్నిహితమైన పుస్తకాలు ఎన్నో ఉన్నాయి. మన నాయుడుపేటకు ఎంతో దూరం లేని శ్రీహరికోట నుంచి 1979 ఆగస్టులో ఎగసిన ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్టు సముద్రంలో కూలింది. 1980 జూలై 18న రెండవది విజయవంతమైంది. ఆ పథకానికి నాయకత్వం వహించిన డాక్టర్ ఎ.పి.జె. అబ్దుల్ కలాం ఆత్మకథ 'ఒక విజేత ఆత్మకథ' పేరుతో తెలుగులో లభిస్తున్నది. రామేశ్వరంలో పడవ యజమాని అయిన తండ్రి దైవభక్తి, ఆ ఊరిలో అన్ని మతాలవారి స్నేహం, దినపత్రికలు పంచిన బాల్యం అందులో ఉన్నాయి. రాకెట్టు ఎగిరేటప్పుడు మేడ మీదికి పరుగెత్తే మన పిల్లలకు ఇంతకంటే తగిన పుస్తకం ఏది? ఒక్కో అధ్యాయం ఒక్కో రాత్రి చదవవచ్చు. ఇంజనీరింగు విషయాలు బరువుగా ఉన్నచోట దాటవేసి, బాల్యం, అపజయం, పట్టుదల ఉన్నచోట నిలవండి.

మన చరిత్ర తెలియక పిల్లలు తోటివారి ముందు మాట పడుతున్న సందర్భాలు కూడా ఉన్నాయి. నెల్లూరు జిల్లా పురిణిలో జన్మించిన సయ్యద్ నశీర్ అహమ్మద్ స్వాతంత్ర్యోద్యమంలో ముస్లింల పాత్రపై, ప్రత్యేకించి ముస్లిం మహిళల త్యాగాలపై తెలుగులో శ్రమించి గ్రంథాలు వెలువరించారు. ఆయన 'చిరస్మరణీయులు' గ్రంథంలో ఒక్కొక్క యోధుని జీవితం క్లుప్తంగా ఉంటుంది గనుక బాలలు రోజుకు ఒకటి చదువుకోవచ్చు. పిఠాపురానికి చెందిన ఉమర్ ఆలీషా (1885–1945) వంటి తెలుగు కవి, శాసనసభ్యుడు మనలో ఉన్నారని తెలిస్తే, తెలుగు మనది కాదన్న భావన కూడా తొలగుతుంది.

తీరిక వేళ చదివేది

"కథలూ కాకరకాయలూ ఎందుకు మౌలానా, ఆ సమయంలో నాలుగు ఆయతులు చదవకూడదా?" అని కొందరు పెద్దలు మమ్మల్ని అడుగుతారు. వారి ఆవేదన అర్థం చేసుకోదగినదే. కాని హజ్రత్ హంజలా (ర) ఉదంతాన్ని గుర్తు చేసుకుందాం. దైవప్రవక్త (స) సన్నిధిలో ఉన్నప్పటి స్థితి ఆలుబిడ్డల మధ్య నిలవడం లేదని, తాను కపటినయ్యానేమోనని ఆయన కలత చెందారు. మనిషికి ఒక సమయం అందుకు, ఒక సమయం ఇందుకు ఉంటుందని దైవప్రవక్త (స) ఊరడించారు. ధర్మబద్ధమైన వినోదం జీవితంలో భాగమే. అది పుస్తకంలో దొరకకపోతే పిల్లవాడు ఫోనులో వెదుక్కుంటాడు. అక్కడ ఏమి దొరుకుతుందో మనకు తెలియనిది కాదు.

తీరిక పుస్తకానికి ఉన్న మొదటి అర్హత, పిల్లవాడు దానిని తనంతట తాను తెరవడం. అందువల్ల ఈ విషయంలో ఎంపికను కొంత వారికే వదలాలి. తల్లిదండ్రులు ముందుగా చదివి చూసిన నాలుగింటిని ముందుంచి, ఒకటి ఏరుకోమనండి. మధ్యలో విసుగొస్తే మాననివ్వండి. పాఠ్యపుస్తకం మానరాదు గాని కథల పుస్తకం మానవచ్చు. ఆ స్వేచ్ఛ ఉన్నప్పుడే పిల్లవాడు రెండో పుస్తకం కోసం చేయి చాపుతాడు.

మన నెల్లూరు సీమ యాసలో, మన ఇళ్ళ కథలే చదవాలనుకునే పెద్దపిల్లలకు కావలికి చెందిన మహమ్మద్ ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు' ఉన్నాయి. అమ్మీ కోపం, నాయన కష్టం, పండుగనాటి సంబరం అందులో చదివి, "ఇది మన ఇల్లే" అని పిల్లలు నవ్వుకుంటారు. కడప జిల్లా వేంపల్లెకు చెందిన వేంపల్లె షరీఫ్ 'జుమ్మా' కథలకు 2012లో కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం లభించింది. ఇవి సాహిత్య గ్రంథాలు, ఫత్వాలు కావు. సమాజంలో కనిపించే ఆచారాలన్నీ కథల్లోకి వస్తాయి. అలాంటి చోట పుస్తకం లాగేసుకోకండి. "దీన్ ఇందులో ఏమంటుంది? రివాజు ఏమంటుంది?" అని పిల్లలతో మాట్లాడండి. ఆ సంభాషణే ఒక సబఖ్.

చిన్నపిల్లలకు జపాను రచయిత్రి తెత్సుకో కురొయానగి బాల్య జ్ఞాపకాల పుస్తకం 'తొత్తోచాన్' తెలుగులో 'రైలుబడి'గా వచ్చింది. బడి నుంచి పంపివేసిన పాపను ఒక మంచి ఉపాధ్యాయుడు ఎలా ఆదరించాడో చెప్పే ఆ పుస్తకాన్ని మావంటి ఉస్తాదులు కూడా చదవాలి. సికింద్రాబాదులోని మంచి పుస్తకం, నేషనల్ బుక్ ట్రస్టు ప్రచురించే బాలల పుస్తకాల్లో బొమ్మలు బాగుంటాయి, వెలలు సామాన్యులకు అందుతాయి.

పుస్తకాన్ని బయటి ప్రపంచంతో ముడిపెడితే అది పిల్లల మనసులో నిలిచిపోతుంది. ప్రఖ్యాత పక్షిశాస్త్రవేత్త సాలిం అలీ (1896–1987) బాలుడిగా ఉన్నప్పుడు తాను కొట్టిన ఒక పిచ్చుక మెడ మీది పసుపు మచ్చ చూసి, అదేమిటో తెలుసుకోవాలని బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘానికి వెళ్ళారు. అక్కడ చూపిన పక్షులు ఆయన జీవితాన్నే మార్చాయి. ఆ గాథ చదివించి, సెలవు రోజున పిల్లలను దొరవారిసత్రం దగ్గర నేలపట్టుకు తీసుకువెళ్ళండి. గూడబాతులు పిల్లలకు మేత పెట్టే దృశ్యం చూస్తే, అల్లాహ్ సృష్టిలోని సూచనలను గురించి మేము గంటసేపు చెప్పేది వారికి నిమిషంలో అర్థమవుతుంది.

డబ్బు లేదన్న మాట

"పుస్తకాలకు డబ్బెక్కడిది హజ్రత్?" అన్న ప్రశ్నను మేము తేలికగా తీసుకోము. రోజు కూలి మీద బ్రతికే ఇళ్ళు మనలో ఎన్నో ఉన్నాయి. అయితే మన డబ్బుతో నడిచే పుస్తకాల నిలయం ఒకటి ఉన్నదని చాలామందికి తెలియదు. ఆంధ్రప్రదేశ్‌లో ఇంటి పన్నుపై రూపాయికి ఎనిమిది పైసల గ్రంథాలయ పన్ను వసూలవుతున్నది. జిల్లా గ్రంథాలయ సంస్థలు దాని మీదనే నడుస్తున్నాయి. మనం పన్ను కడుతూ ఆ గుమ్మం తొక్కకపోతే నష్టం ఎవరిది? స్వల్ప ధరావతుతో సభ్యత్వం తీసుకొని పుస్తకాలు ఇంటికి తెచ్చుకోవచ్చు. ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు జరిగే గ్రంథాలయ వారోత్సవాలకు పిల్లలను వెంటబెట్టుకొని వెళ్ళండి. కావలసిన పుస్తకం లేకపోతే తెప్పించమని అడగండి. అడిగేవారు లేని పుస్తకం అల్మారాకు రాదు.

గ్రంథాలయ శాస్త్రానికి పితామహుడైన ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో మద్రాసులో అయిదు సూత్రాలు ప్రకటించారు. పుస్తకాలు ఉన్నది వాడకానికేనని, ప్రతి చదువరికీ తగిన పుస్తకం, ప్రతి పుస్తకానికీ తగిన చదువరి ఉండాలని వాటి సారాంశం. మన ఇంటి గూటికీ ఇదే సూత్రం సరిపోతుంది.

అబ్దుల్ కలాంకు బాల్యంలో పుస్తకాలు కొనే స్తోమత లేదు. రామేశ్వరంలో ఎస్.టి.ఆర్. మాణిక్యం అనే దేశభక్తుని ఇంట్లో ఉన్న పుస్తకాలను అరువు తెచ్చుకొని చదివారు. ఆ పుస్తకాల యజమాని తలుపు మూసి ఉంటే? ఈ ఒక్క ప్రశ్న మన మహల్లాలోని ప్రతి చదువుకున్నవాడూ వేసుకోవాలి. మసీదు పక్క గదిలో ఒక అల్మారా, ఒక నోటు పుస్తకం, జుమా తరువాత అరగంట కూర్చునే ఒక యువకుడు ఉంటే మహల్లా గ్రంథాలయం సిద్ధమైనట్టే. ఏప్రిల్‌లో పాత పేపర్లవానికి వేసే పుస్తకాలను జూన్‌లో కింది తరగతి పిల్లవానికి అందజేస్తే సదఖా. నికాహ్ కానుకల్లో గిన్నెల పక్కన రెండు మంచి పుస్తకాలు ఉంచితే అది ఏళ్ళ తరబడి చదివించే కానుక.

ఈ నెల నుంచే మొదలుపెట్టండి. ఇంట్లో ఉన్న ప్రతి మనిషి పేరు ఒక కాగితం మీద వ్రాసి, ఆ పేరు ఎదుట ఒకే ఒక పుస్తకం పేరు వ్రాయండి. దాదీకి వినిపించేది, అమ్మీకి అక్కరకు వచ్చేది, పెద్దవానికి పరీక్షకు, చిన్నదానికి బొమ్మలది. అన్నీ కొననక్కరలేదు. కొన్ని అరువు తెచ్చుకోండి, కొన్ని గ్రంథాలయంలో అడగండి. రాత్రి ఇషా తరువాత పదిహేను నిమిషాలు ఫోన్లన్నీ ఒకచోట పెట్టి కూర్చోండి. ఎత్తున గుడ్డలో చుట్టి ఉంచిన దివ్యఖుర్ఆన్‌ను కూడా కిందికి దించి తెరవండి. అన్నిటికంటే ముందు చదవవలసిన గ్రంథం అదే.

మనకు మేలు చేసే జ్ఞానాన్ని, ఆ జ్ఞానం ప్రకారం నడుచుకొనే భాగ్యాన్ని అల్లాహ్ మనకూ మన సంతానానికీ ప్రసాదించుగాక! ఆమీన్.